సూపర్‌లో ఫ్రేములు పదా, తొమ్మిదా?

"అన్నా, సూపర్‌లో ఎన్ని ఫ్రేములు పెట్టాలి?" అని కొత్తగా తేనెటీగల పెంపకం మొదలుపెట్టిన వాళ్లు ఎవరు అడిగినా నేను తిరిగి ఒక్కటే అడుగుతాను. ఫ్రేముల్లో ఉన్నవి మైనపు షీట్లా (గదుల అచ్చు వేసిన పలచటి మైనపు రేకులు, వాటి మీదే ఈగలు పట్టు కడతాయి), కట్టిన పట్లా? షీట్లయితే పది. పట్టు కట్టేసిన ఫ్రేములైతే తొమ్మిది. సూపర్ అంటే పిల్లలు పెరిగే కింది పెట్టె మీద తేనె కోసం ఎక్కించే పై పెట్టె, ఫ్రేము అంటే అందులో వేలాడదీసే చెక్క చట్రం. ఇక్కడ మాట్లాడుతున్నది ఇటాలియన్ ఈగలకు వాడే పది ఫ్రేముల లాంగ్‌స్ట్రాత్ పెట్టె గురించి. మన నాటు ఈగల సంగతి చివర్లో చెప్తాను, వాటి లెక్క వేరు.

ఇంత చిన్న విషయాన్ని నేను చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. మాది నంద్యాల వైపు. మొదటి ఏడాది పొద్దుతిరుగుడు పూత మొదలైంది, పెట్టెల్లో ఈగలు పొంగిపోతున్నాయి. "సూపర్‌లో తొమ్మిదే పెట్టు, తేనె ఎక్కువొస్తుంది" అని ఎవరో అన్నారు. నేను తొమ్మిది కొత్త షీట్లు బిగించిన ఫ్రేములు సమంగా ఎడం చేసి పైకి ఎక్కించి, బంధువుల పెళ్లికి వెళ్లి పన్నెండు రోజులకు తిరిగొచ్చాను. మూత తీసి మధ్య ఫ్రేము పట్టుకుని లాగితే మూడు ఫ్రేములు కలిసి పైకి లేచాయి. ఈగలు షీట్ల మీద కట్టాల్సిన పట్టును వదిలేసి, రెండు షీట్ల మధ్య ఖాళీలో వాటికి నచ్చినట్టు ఇంకో పట్టు కట్టుకున్నాయి. కత్తితో కోస్తే తేనె కింది పెట్టెలోకి కారింది, ఈగలు అందులో మునిగాయి, ఆ వాసనకు పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వచ్చాయి. అరగంటలో తోటంతా రణరంగం. మూత వేసి, తడి గోనెపట్టా కప్పి, ఇంటికి పారిపోయాను. ఆ సూపర్ నుంచి వచ్చిన తేనె కంటే బకెట్‌లో పోగైన ముక్క మైనమే ఎక్కువ.

సలహాలో తప్పేమీ లేదు. తొమ్మిది అన్నది కట్టిన పట్లకు చెప్పే మాట, నేను దాన్ని ఖాళీ షీట్లకు వాడాను, అంతే.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే అంకెలు బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ఈగలు గూట్లో నడవడానికి 6 నుంచి 9 మిల్లీమీటర్ల దారి వదులుకుంటాయి. అంతకంటే సందు తగ్గితే జిగురుతో పూడ్చేస్తాయి, పెరిగితే అక్కడ పట్టు కట్టేస్తాయి. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే చర్చి పాస్టరు 1851లో ఈ సంగతిని పట్టుకుని, మూత కింద, ఫ్రేము చుట్టూ సరిగ్గా ఆ దారి మాత్రమే వదిలి పెట్టె చేశాడు. 1852లో పేటెంట్ వచ్చింది. మనం ఈరోజు ఫ్రేమును పుస్తకంలో పేజీలా పైకి తీసి చూడగలుగుతున్నామంటే ఆ కొలత పుణ్యమే.

ఇప్పుడు ఆ కొలతను మన సూపర్‌కు పెట్టి చూద్దాం. పది ఫ్రేముల పెట్టె లోపలి వెడల్పు దాదాపు 375 మిల్లీమీటర్లు. ఫ్రేము పక్క చెక్క భుజం వెడల్పు 35. పది ఫ్రేములూ భుజం భుజం ఆనించి పెడితే ఒక షీటు నడుమ నుంచి ఇంకో షీటు నడుమకు 35 మి.మీ. వస్తుంది. ఈగలు షీటుకు రెండు వైపులా పట్టు కట్టుకుంటూ వస్తే మధ్యలో నడవడానికి దారి మాత్రమే మిగులుతుంది, ఇంకో పట్టు కట్టడానికి చోటుండదు. అందుకే షీట్లు ఎప్పుడూ బిగువుగా పెట్టాలి. అదే తొమ్మిది పెడితే నడుమ నుంచి నడుమకు 41 వస్తుంది. ఖాళీ షీట్ల మధ్య అంత చోటు కనిపిస్తే కొన్ని గుంపులు బుద్ధిగా షీటు మీదే కడతాయి, కొన్ని కట్టవు. ఏ గుంపు ఏం చేస్తుందో ముందే చెప్పలేం కాబట్టి జూదం ఎందుకు, పది పెట్టేయండి. పది ఆనించి పెట్టాక మిగిలే ఖాళీని రెండు పక్క గోడల దగ్గర సమంగా సర్దండి, మధ్యలో ఎక్కడా వదలొద్దు.

పట్టు ఒకసారి పూర్తిగా కట్టేశాక కథ మారుతుంది. గదుల గోడలు లేచాయి, దారి ఎటో ఖరారైంది. అప్పుడు ఫ్రేములను కొంచెం ఎడం జరిపితే ఈగలు కొత్త పట్టు కట్టవు, ఉన్న గదుల గోడలనే పొడిగించి పట్టును లావు చేస్తాయి. లోతైన గదుల్లో రాణి గుడ్లు పెట్టడానికి అంతగా ఇష్టపడదు, దాని పొట్ట అడుగుకు అందదు. ఇది మనకు ఇంకో లాభం.

తొమ్మిదిని ఎడం పెట్టడానికి స్కేలు అక్కర్లేదు. తొమ్మిది భుజాలకు 315 పోతే మిగిలేది 60 మి.మీ. దాన్ని రెండు గోడల పక్కన, ఎనిమిది సందుల్లో పంచితే సందుకు 6 వస్తుంది, అంటే మామూలు పెన్సిల్ మందం కంటే వెంట్రుకవాసి తక్కువ. నేను నిజంగానే జేబులో పెన్సిల్ ముక్క పెట్టుకుని వెళ్తాను. ముందు అటు చివరా ఇటు చివరా ఒక్కో ఫ్రేము గోడకు పెన్సిలంత దూరంలో పెట్టి, అయిదోదాన్ని సరిగ్గా మధ్యలో వేసి, ఆ తర్వాత అటు మూడు ఇటు మూడు సర్దుతాను. ఒక చివర నుంచి మొదలుపెట్టి వరసగా పోతే ప్రతి సందులో కొంచెం కొంచెం తేడా వచ్చి ఆఖరి ఫ్రేముకు చోటు మరీ ఇరుకో మరీ వెడల్పో అవుతుంది. తొమ్మిది గాట్లున్న రేకు పట్టీలు దొరుకుతాయి, ఫ్రేము చెవులు ఆనే గట్టు మీద మేకులతో కొట్టేస్తే ఈ కొలతల గోలే ఉండదు. కానీ ఆ పట్టీ కొట్టిన సూపర్‌లో పది షీట్లు బిగువుగా పెట్టలేరు, గాట్లు ఒప్పుకోవు. అందుకే నేను పట్టీలు వాడను. మీ దగ్గర కట్టిన పట్లు దండిగా ఉండి, కొన్ని సూపర్లను ఎప్పటికీ తొమ్మిదికే కేటాయించగలిగితే వాడుకోండి.

తొమ్మిది వల్ల తేనె విపరీతంగా పెరుగుతుందని చెప్పను. పది ఫ్రేముల్లో పట్టేంత తేనె తొమ్మిదిలో పడుతుంది, పెట్టెకు ఒక ఫ్రేము మిగులుతుంది, తేనె తీసే రోజు పెట్టెకు ఒక ఫ్రేము తక్కువ కోస్తాం. అసలు సుఖం కత్తి దగ్గర తెలుస్తుంది. పది ఫ్రేముల్లో పట్టు చెక్కతో సమానంగానో కొంచెం లోపలికో ఉంటుంది, కత్తి చెక్క మీద జారుతుంది కానీ తేనె గదుల మీద ఈగలు వేసిన మైనపు మూతలకు తగలదు, ఫోర్కుతో గీకుతూ కూర్చోవాలి. తొమ్మిదిలో పట్టు చెక్కకు బయటికి ఉబ్బుతుంది. వేడి నీళ్లలో ముంచిన కత్తిని పై చెక్క, కింది చెక్క ఆధారంగా పెట్టి ఒక్క దెబ్బలో కిందికి లాగితే మూతల పొర మొత్తం అప్పడంలా ఊడి వస్తుంది.

మరి ఎనిమిది? పెట్టొచ్చు, సందుకు 10 మి.మీ. పైన వస్తుంది, బాగా కట్టి ఉన్న పట్లకు, బలమైన గుంపుకు, మంచి పూతలో పని చేస్తుంది. కాకపోతే పట్టు ఎంత లావవుతుందంటే చిన్న ఎక్స్‌ట్రాక్టర్ల (ఫ్రేములను గిర్రున తిప్పి తేనె తీసే డ్రమ్ముల) బుట్టలో దూరదు, దూరినా ఆ బరువుకు కొత్త పట్టు విరుగుతుంది. పూత మధ్యలో ఆగిపోతే సగం సగం లావైన పట్లు మిగులుతాయి. మన దగ్గర వానలూ పూతలూ నమ్మడానికి లేదు కాబట్టి నేను తొమ్మిది దగ్గరే ఆగుతాను.

పది నుంచి తొమ్మిదికి మార్చాల్సింది ఎప్పుడంటే, షీట్లన్నిటి మీదా రెండు వైపులా గోడలు లేచి, లోపల మకరందం మెరుస్తూ, మూతలు ఇంకా పడనప్పుడు. అప్పుడు ఒక ఫ్రేము తీసేసి మిగిలినవి సర్దాలి. తీసిన పదో ఫ్రేమును పారేయకండి, అది బంగారం. తర్వాత పెట్టబోయే సూపర్‌లో నడుమ దాన్ని వేసి అటూ ఇటూ కొత్త షీట్లు ఆనించండి. షీట్లు మాత్రమే ఉన్న సూపర్‌లోకి ఎక్కడానికి ఈగలు బద్ధకిస్తాయి, కట్టిన పట్టు ఒకటి కనిపిస్తే నిచ్చెన వేసినట్టు ఎక్కేస్తాయి. ఒక్క జాగ్రత్త. లావుగా తేనె నిండుతున్న రెండు పట్ల మధ్య ఖాళీ షీటు పెట్టొద్దు. ఈగలు షీటును పట్టించుకోకుండా పక్క పట్లనే దాని మీదికి ఉబ్బిస్తాయి, షీటు అట్టముక్కలా మధ్యలో ఇరుక్కుపోతుంది.

నేను సూపర్ మూత మీద సుద్దముక్కతో 10 అనో 9 అనో, పెట్టిన తేదీ రాస్తాను. నలభై పెట్టెలున్నప్పుడు జ్ఞాపకశక్తిని నమ్ముకుంటే అంతే సంగతులు.

ఇక ఏ ఫ్రేము కొనాలి. మన దగ్గర ఎక్కువ మంది సూపర్‌కు కూడా కింది పెట్టె లోతుదే వాడతారు, ఒకే కొలత ఫ్రేములు అటూ ఇటూ మార్చుకోవచ్చు కాబట్టి. సౌకర్యమే, కానీ తేనె నిండిన పెద్ద సూపర్ 35 కిలోలు దాటుతుంది, దాన్ని నడుము ఎత్తు నుంచి ఎత్తి పక్కన పెట్టాక నడుము నడుముగా ఉండదు. ఆరుంపావు అంగుళాల ఫ్రేము పట్టే మధ్యస్థం సూపర్ నిండితే 25 కిలోల చుట్టూ ఉంటుంది, త్వరగా నిండుతుంది, మూతలు త్వరగా పడతాయి. కానుగ లాంటి పొట్టి పూతకు అదే మేలు, పెద్ద ఫ్రేములు సగంలో ఆగిపోతాయి. పది పెట్టెల లోపు ఉన్నవాళ్లు, ఒంటరిగా పని చేసుకునేవాళ్లు మధ్యస్థం వైపు వెళ్లమంటాను. వంద పెట్టెలు లారీలో తిప్పేవాళ్లకు ఒకే కొలత ఉండటమే ముఖ్యం, వాళ్లకు నేను చెప్పేదేం లేదు.

ఒకే కొలత వాడేవాళ్లు ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి. పిల్లలు పెరిగిన ఫ్రేములనూ తేనె ఫ్రేములనూ కలపొద్దు. పిల్లలు పెరిగిన కొద్దీ పట్టు నల్లబడుతుంది, ఆ పట్టులో నిల్వ చేసిన తేనె రంగు కూడా ముదురుతుంది, మైనపు పురుగు మొదట వచ్చేది కూడా దానికే. పైగా ఈగలను పట్టే పేనుకు మందు పట్టీలు పెట్టింది కింది పెట్టెలో, ఆ మందున్నప్పుడు అక్కడున్న పట్టును తెచ్చి జనం తినే తేనె నింపడం న్యాయం కాదు. తేనె ఫ్రేముల పై చెక్క మీద పసుపు పెయింటు చుక్క పెట్టేయండి, రెండు నిమిషాల పని.

కొనేటప్పుడు పక్క చెక్క భుజాన్ని కొలిచి చూడండి. ఒకసారి ఒక చోట తక్కువ ధరకు వస్తున్నాయని రెండు వందల ఫ్రేములు తెచ్చాను, భుజం 35కు బదులు 32 ఉంది. మూడు మిల్లీమీటర్లే కదా అనుకున్నా. పది ఫ్రేములకు మూడు సెంటీమీటర్లు అదనంగా ఖాళీ, చివర్లో గోడ పక్కన ఈగలు పదకొండో పట్టు కట్టుకున్నాయి. చెవులు సన్నగా ఉన్నాయా, కన్నాలున్న ముడి చెక్కా అన్నది కూడా చూసుకోవాలి, తేనె బరువుకు చెవి విరిగితే ఫ్రేము అడుగున పడి కింది ఈగలు నలుగుతాయి.

తీగ లేకుండా షీటు వేయకండి. సన్నని తుప్పు పట్టని తీగ, పెద్ద ఫ్రేముకు నాలుగు వరసలు, మధ్యస్థానికి రెండు మూడు. వేలితో మీటితే టింగుమనాలి, దబ్బుమంటే వదులుగా ఉన్నట్టు. షీటును తీగ మీద ఆనించి 12 వోల్టుల బ్యాటరీ రెండు కొసలూ తీగకు తాకిస్తే తీగ వేడెక్కి మైనంలోకి దిగుతుంది. రెండు మూడు సెకన్లు చాలు, పరధ్యానంగా ఉంటే షీటు రెండు ముక్కలై ఒళ్లో పడుతుంది. కింది చెక్కకూ షీటుకూ మధ్య నాలుగైదు మి.మీ. వదలండి, ఎండకు షీటు సాగితే వంకర తిరగకుండా. వంకర షీటు మీద వంకర పట్టే వస్తుంది, ఆ వంకర పక్క ఫ్రేముకు కూడా అంటుకుంటుంది. షీటు ముట్టుకుంటే కొవ్వొత్తిలా జారుతూ, తేనె మైనం వాసన లేకుండా ఉంటే పారాఫిన్ కలిసిందని అనుమానించండి. అలాంటివి మన ఎండకు ఫ్రేములోనే జారిపోతాయి. ఏప్రిల్‌లో షీట్లను బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నం బజారులో తిరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ప్లాస్టిక్ షీట్లు విరగవు, తీగ గోల లేదు, ఎక్స్‌ట్రాక్టర్‌లో ఎంత తిప్పినా తట్టుకుంటాయి. కానీ పైన మైనం పూత పలచగా ఉంటే ఈగలు అసలు ముట్టవు, అప్పుడే అడ్డదిడ్డంగా కట్టడం ఎక్కువ. వాడేట్టయితే కరిగించిన మైనం బ్రష్‌తో ఒక చేయి వేసి, పది బిగువుగా పెట్టండి.

సూపర్ ఎక్కించే సమయం సంగతి. కింది పది ఫ్రేముల్లో ఏడెనిమిది ఈగలతో కిక్కిరిసి, పై చెక్కల మీద తెల్లటి కొత్త మైనం కనిపిస్తుంటే పెట్టండి. అంతకు ముందే పెడితే పై ఖాళీని వెచ్చగా ఉంచలేక ఈగలకు టెన్షన్, పురుగుకు పండగ. రాణి జాలీ (రాణి పైకి ఎక్కకుండా రెండు పెట్టెల మధ్య వేసే జాలీ) వాడేవాళ్లు, పైన అన్నీ కొత్త షీట్లయితే, మొదటి కొన్ని రోజులు జాలీ తీసేయండి. ఈగలు ఎక్కి కట్టడం మొదలుపెట్టాక, రాణి కింద ఉందని కళ్లారా చూసి జాలీ వేయండి. చూడకుండా వేస్తే రాణి పైన ఇరుక్కుని, మీ తేనె సూపర్ పిల్లల గది అవుతుంది. చెక్ చేసేటప్పుడు కొత్త పట్టును పళ్లెంలా అడ్డంగా పట్టుకోవద్దు, నిలువుగానే తిప్పి చూడాలి. ఎండ పూట మెత్తబడ్డ పట్టు చెక్క నుంచి ఊడి చెప్పుల మీద పడుతుంది.

పెట్టెలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చేవాళ్లు ఈ ఎడం లెక్కను బండి ఎక్కే ముందు రద్దు చేయాలి. ఎడంగా ఉన్న తొమ్మిది ఫ్రేములు గుంతల రోడ్డు మీద గడియారం లోలకాల్లా ఊగుతాయి, మధ్యలో ఉన్న ఈగలన్నీ నలుగుతాయి, రాణి కూడా అందులో ఉండొచ్చు. తేనె తీసేసి, ఫ్రేములన్నీ ఒక పక్కకు ఆనించి, మిగిలిన సందులో చెక్క ముక్క బిగించి, రాత్రి పూట బయల్దేరండి. దిగాక మళ్లీ పెన్సిల్.

ఇప్పుడు నాటు ఈగలు. అరకు వైపు వలిసె పూల మీద, కాఫీ తోటల్లో, ఇళ్ల పక్కన పెంచేది ఇవే. వీటికి తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ వందేళ్ల కిందట రూపొందించిన చిన్న పెట్టె వాడతారు, సూపర్ ఫ్రేము లోతు రెండున్నర అంగుళాల చుట్టూ మాత్రమే. ఈగ చిన్నది, కాబట్టి దారీ చిన్నదే, నడుమ నుంచి నడుమకు 31, 32 మి.మీ. చాలు. ఇటాలియన్ ఫ్రేము భుజాల కొలతతో చేసిన ఫ్రేములు పెడితే ఎడం ఎక్కువై అడ్డపట్లు కడతాయి. ఇటాలియన్ మైనపు షీటు కూడా వద్దు, దాని మీద అచ్చు గదులు వీటికి పెద్దవి. నాటు ఈగల కోసం పోసిన షీటు దొరక్కపోతే పై చెక్క కింద వేలెడు వెడల్పు వాటి పాత పట్టు ముక్కనే మైనంతో అతికించి వదిలేయండి, మిగతాది అవే కట్టుకుంటాయి. ఎడం సరిగా ఉందో లేదో రోజూ తెరిచి చూడకండి. వీటికి విసుగు పుడితే చెప్పా పెట్టకుండా వెళ్లిపోతాయి.

తేనె తీయడం గురించి రెండు ముక్కలు. ఫ్రేము మీద నాలుగింట మూడు వంతులు మూతలు పడ్డాకే తీయండి. మూత పడని భాగం మీద అనుమానముంటే ఫ్రేమును అడ్డంగా పట్టి ఒక్కసారి గట్టిగా కిందికి విదిలించండి (పాత గట్టి పట్టయితేనే సుమా), చుక్కలు రాలితే ఇంకా మకరందమే. తేనెలో తేమ 20 శాతం దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. తొమ్మిది ఫ్రేముల లావు పట్లు మూతలు పడటానికి ఒకటి రెండు రోజులు ఎక్కువ తీసుకుంటాయి, ఓపిక పట్టండి.

తీసేశాక ఖాళీ పట్లను సాయంత్రం పూట అదే పెట్టెల మీద ఒక రాత్రి ఉంచితే ఈగలు నాకి శుభ్రం చేస్తాయి. తర్వాత దాచాలి. కిలో మైనం కట్టడానికి ఈగలు కిలోల కొద్దీ తేనె తింటాయి, కాబట్టి కట్టిన పట్టు పోగొట్టుకోవడం అంటే వచ్చే ఏటి పంటలో కొంత పోగొట్టుకున్నట్టే. దాచేటప్పుడు ఎడం ఇంకా పెంచండి, సూపర్‌కు ఎనిమిది చాలు, గాలి ఆడాలి. మైనపు పురుగుకు చీకటి, ఉక్క, ఒకదానికొకటి ఆనుకున్న పాత పట్లు కావాలి, మనం అవి ఇవ్వకూడదు. కలరా ఉండలు మాత్రం వేయొద్దు, ఆ వాసన మైనంలోకి దిగి తేనెలోకి వస్తుంది. సూపర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, సందులకు పాత న్యూస్‌పేపరు అతికించి, పైన ఖాళీ పెట్టెలో మట్టి మూకుడులో గంధకం వెలిగించి మూసేస్తాను, ఆ పొగ పీల్చకుండా వెంటనే బయటికి వచ్చేస్తాను. గంధకం పొగకు పురుగు చస్తుంది కానీ గుడ్లు చావవు. అందుకే రెండు వారాలకు మళ్లీ ఒకసారి. ఆ తేదీ కూడా సుద్దముక్కతో పై పెట్టె మీదే రాసి ఉంటుంది.